బస్తాల గోడ

వీరుడు అన్న మాట వినగానే మన కళ్ళ ముందు ఒక రూపం నిలుస్తుంది. చేత ఆయుధం, కంట నిప్పు, ఎదుట శత్రువు. మన కావ్యాలూ కథాగేయాలూ మనకు ఆ రూపాన్నే అలవాటు చేశాయి. పద్ధెనిమిది అక్షౌహిణుల సేన పద్ధెనిమిది దినాలు పోరాడిన వృత్తాంతాన్ని ఏటేటా తరగతిలో పాఠం చెబుతున్నాము గాని, అంత సేనకు పూటపూటా కూడు వండి పెట్టినవారి ప్రసక్తి మా నోట ఒక్కనాడైనా వచ్చిన జ్ఞాపకం లేదు. పలనాటి కథ చెప్పేటప్పుడు చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుని కీర్తిస్తాము. ఆ చాప మీదికి అన్నపు గంపలు మోసుకొచ్చినవారిని తలచుకోము. ఇది కవుల దోషం కాదు. వినేవారి దృష్టి ఎటు ఉంటే చెప్పేవాని గొంతు అటే మళ్ళుతుంది.

ఈ ఆలోచన మాకు పుస్తకాల వల్ల కలిగినది కాదు. మా విద్యార్థి ఒకడు కలిగించినది.

కిందటి సంవత్సరం ఒక సాయంకాలం, తరగతులు ముగిసి మేము హాజరు పట్టీ మూసి లేవబోతుండగా, చివరి సంవత్సరపు కుర్రవాడొకడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎన్.సి.సి.లో మంచి పేరు తెచ్చుకున్నవాడు. సైన్యంలో చేరాలని రెండేళ్ళుగా తెల్లవారుజామున లేచి పరుగులు తీసినవాడు. అగ్నివీర్ ఎంపికలో నెగ్గాడని అప్పటికే మా చెవిన పడింది. ముబారక్ చెప్పబోయాము. అతని ముఖంలో కళ లేదు.

"ఏమి నాయనా, సంతోషించవలసిన వేళ అలా ఉన్నావు?" అని అడిగాము.

"స్టోర్ కీపర్ విభాగంలో వచ్చింది సార్. మా వీధిలో అందరికీ సిపాయినవుతానని చెప్పుకున్నాను. ఇప్పుడు బియ్యం బస్తాలు లెక్కపెట్టే ఉద్యోగమని ఎలా చెప్పేది?"

ఆ మాట మా గుండెలో ఎక్కడో పాత గాయానికి తగిలింది. అతనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాము. "రేపు రా, మాట్లాడుకుందాము" అని పంపివేశాము. ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది.

మా దాదా భారత సైన్యంలో పనిచేశారు. ఆయనది ఆర్మీ సర్వీస్ కోర్, అంటే సరఫరా దళం. సైన్యానికి తిండి, నీరు, ఇంధనం చేర్చే దళమది. దాని ధ్యేయవాక్యం "సేవా అస్మాకం ధర్మః". 1971 యుద్ధంలో ఆయన పశ్చిమ సరిహద్దున, రాజస్థాన్ ఇసుకలో, రేషను లారీ నడిపారు. గోదాములో ఆటా, పప్పు తూచి పద్దు రాశారు. హవల్దారుగా పదవీ విరమణ చేసి ఇంటికి వచ్చారు. బంధువులు చేరినప్పుడు ఎవరో ఒకరు "మా చాచా యుద్ధంలో తక్కెడ పట్టినాడు" అని నవ్వేవారు. దాదా కూడా నవ్వేవారు. మాకు మాత్రం తల కొట్టేసినట్లుండేది.

మేము ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు గణతంత్ర దినోత్సవానికి బడిలో వక్తృత్వ పోటీ పెట్టారు. మేము లేచి, మా దాదా శత్రువుల ట్యాంకును ఫిరంగితో పేల్చివేశారని చెప్పాము. ఆ ఫిరంగి చప్పుడు కూడా చేసి చూపించాము. మాకు మొదటి బహుమతి వచ్చింది. అంతటితో పోతే బాగుండేది. మా ప్రధానోపాధ్యాయుల వారు ఎంతో మురిసి, జెండా పండుగకు ముఖ్య అతిథిగా మా దాదానే పిలిచారు.

దాదా వచ్చారు. ఇస్త్రీ కోటు తొడుక్కొని, రొమ్మున పతకాలు పెట్టుకొని వచ్చారు. ట్యాంకులు ధ్వంసం చేసిన మహావీరుడని ప్రధానోపాధ్యాయుల వారు పరిచయం చేశారు. మేము మొదటి వరుసలో కూర్చొని నేల చూస్తున్నాము. దాదా లేచి, కాసేపు మా వైపు చూసి, "పిల్లలూ, సార్ గారు పెద్ద మాట చెప్పినారు. నేను ఫిరంగి పేల్చలేదు. ఫిరంగి పేల్చేవాడికి రొట్టెకు పిండి తూచి ఇచ్చినాను. వాడు తాగే నీళ్ళు లారీలో మోసినాను. శత్రువు మీద నేనొక్క గుండు కూడా కాల్చలేదు" అన్నారు. పిల్లలు ఘొల్లున నవ్వారు.

ఇంటికి నడిచి వస్తుండగా ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వీధి మలుపు దగ్గర మాత్రం, "బేటా, ఆ రాత్రి దీపాలార్పి లారీ నడిపేవాళ్ళం. పైన విమానం చప్పుడు. ముందు ఇసుక. నిలబడితే మాకే మేలు. పోకపోతే వాళ్ళకు నీళ్ళు లేవు. అందుకని పోయేవాళ్ళం" అన్నారు. మేము వినీ విననట్లు ముందుకు పరుగెత్తాము. క్షమాపణ అడగలేదు. తరువాత అడగాలనుకున్న నాటికి, 2009లో, ఆయన అల్లాహ్ పిలుపు అందుకున్నారు.

విద్యార్థి మాట విన్న నాటి రాత్రి మేము చేసిన పని, యుద్ధ చరిత్ర పుస్తకాలు తెరచి తక్కెడ పట్టిన చేతులకు వీరపతకం దక్కిన దాఖలా ఏదైనా ఉన్నదా అని వెదకడం. ఉన్నది. ఒకటి కాదు. అందులో అన్నిటికన్న విచిత్రమైన దానిని ముందుగా విద్యార్థులకు చెప్పాలనిపించింది.

అది 1879 జనవరి 22. స్థలం దక్షిణాఫ్రికాలో రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చిన్న రేవు. బ్రిటిష్ వారు అదే నెల 11న జూలూల రాజ్యం మీదికి దండెత్తి వెళ్ళారు. తమ గడ్డను తాము కాపాడుకోవడానికి జూలూలు ఆయుధం పట్టారన్నది మొదట చెప్పవలసిన మాట. ఎవరిది న్యాయమైన పోరాటమో మరచిపోయి వీరత్వాన్ని కొలవడం తగదు. ఆ దినం ఇసాండ్ల్వానా దగ్గర జూలూ సేన బ్రిటిష్ శిబిరాన్ని తుడిచిపెట్టింది. బ్రిటిష్ పక్షాన 1,300 మందికి పైగా నేలకూలారు. ఆ వార్త రేవు దగ్గరికి చేరిన తరువాత అక్కడ నిలిచి పోరాడినవారు సుమారు 150 మంది. వారిలో రోగులు, క్షతగాత్రులు ముప్పైకి పైచిలుకు. మీదికి వస్తున్న జూలూలు మూడు నాలుగు వేలు.

అక్కడ రెండు కట్టడాలున్నవి. ఒకటి ఆసుపత్రి, రెండవది ఉగ్రాణం. ఆ ఉగ్రాణంలో పనిచేస్తున్న సరఫరా అధికారులలో ఒకరు జేమ్స్ లాంగ్లీ డాల్టన్. 1849లో సిపాయిగా చేరి, తరువాత సరఫరా విభాగానికి మారి, 1871లో పదవీ విరమణ చేసిన మనిషి. యుద్ధం రాగానే స్వచ్ఛందంగా మళ్ళీ కొలువులో చేరాడు. హోదాకు తాత్కాలిక సహాయ సరఫరా అధికారి. పోరాడే దళాల దృష్టిలో లెక్కకు రాని పదవి.

రోగులను బండ్లలో వేసుకొని వెనక్కి పోదామని కొందరు ఆలోచించారు. డాల్టన్ వద్దన్నాడు. ఎద్దుల బండ్ల నడక ఎంత? బయలు ప్రదేశంలో జూలూల పరుగుకు అవి చిక్కుతాయి. రోగులతో సహా అందరూ చస్తారు. ఇక్కడే నిలబడడం మేలు అన్నది ఆయన వాదం. విద్యార్థులు గమనించవలసిన విశేషం ఇక్కడున్నది. బండి ఎంత బరువుకు ఎంత వేగంతో నడుస్తుందో జీవితమంతా లెక్కగట్టిన మనిషికి గనుకనే ఆ మాట తట్టింది. అది లెక్కల మనిషి వివేకం.

నిలబడడం సరే, దేని వెనుక నిలబడాలి? కోట లేదు, గోడ లేదు. ఉగ్రాణంలో సేన కోసం నిలువ చేసిన మక్కజొన్న బస్తాలు, బిస్కెట్ల కొయ్యపెట్టెలు ఉన్నవి. ఒక్కొక్క బస్తా దాదాపు 200 పౌండ్ల బరువు, ఒక్కొక్క పెట్టె దాదాపు 100 పౌండ్లు. వాటిని మోసి, పేర్చి, రెండు కట్టడాలనూ కలుపుతూ గోడ కట్టారు. ఎద్దుల బండ్లను కూడా ఆ గోడలో కలిపారు. డాల్టన్ తోటి సరఫరా అధికారి వాల్టర్ డన్ కూడా ఆ పనిలో ముందు నిలిచాడు. ఇంతలో తోడుగా ఉన్న స్థానిక దళం ఒకటి శత్రువు రాక చూసి వెళ్ళిపోయింది. కాపలా కాసే చేతులు తగ్గగానే గోడ పొడవు ఎక్కువైంది. అప్పుడు లోపలి భాగాన బిస్కెట్ల పెట్టెలతో అడ్డంగా మరొక గోడ లేపారు; బయటి గోడ చేజారితే వెనక్కి తగ్గి నిలబడడానికి. తిండి సామగ్రి కోటగోడ అయిన వైనం ఇది.

సాయంకాలం నాలుగున్నర ప్రాంతాన మొదలైన పోరు తెల్లవారుజాము దాకా సాగింది. ఆసుపత్రి కప్పు అంటుకున్నది. డాల్టన్ తన బస్తాల గోడ వెంట తిరుగుతూ, తుపాకి పట్టి, కుర్రవాళ్ళకు ధైర్యం చెబుతూ పోరాడాడు. ఒక జూలూ యోధుడు ఆసుపత్రి సేవకుని తుపాకి గొట్టం పట్టుకొని పొడవబోగా, డాల్టన్ గురి చూసి కొట్టి ఆ సేవకుని ప్రాణం కాపాడాడు. తరువాత ఆయన భుజంలో గుండు దిగింది. పక్కన ఉన్న దళనాయకుడు లెఫ్టినెంట్ చార్డ్ ఆ సంగతి గ్రహించనే లేదు. డాల్టన్ ఎంతో నిబ్బరంగా తన తుపాకి ఆయన చేతికిచ్చి, జేబులో మిగిలిన తూటాలు తీసుకొమ్మన్నాడు. కట్టు కట్టించుకొని మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఉగ్రాణపు పని చూసే బర్న్ అనే మరొకతను గాయపడినవానికి నీళ్ళు తాగిస్తూ గుండు తగిలి చనిపోయాడు.

తెల్లవారేసరికి గోడ నిలిచింది. లోపలివారిలో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. గోడ చుట్టూ 350కి పైగా జూలూల శవాలున్నవి. గాయపడి పడి ఉన్న జూలూలను కూడా విడువక చంపారన్నది ఆ విజయానికి అంటిన మచ్చ. చరిత్ర చెప్పేవారు దానిని దాచరాదు. బస్తాల గోడను కీర్తించేటప్పుడు, ఆ గోడ మీదికి ఆకలితో, ఈటెలతో, దాదాపు రాత్రంతా మళ్ళీ మళ్ళీ వచ్చిన వారి ధైర్యాన్ని కూడా తలవంచి స్మరించాలి.

తరువాత పతకాల పంపకం వచ్చింది. బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్యపతకం విక్టోరియా క్రాస్. 1856లో నెలకొల్పినది. రోర్క్స్ డ్రిఫ్ట్ పోరుకు 11 మందికి అది దక్కింది. 1879 మే 2న వెలువడిన మొదటి పట్టికలో ఎనిమిది పేర్లున్నవి. ఇద్దరు దళాధికారులు, తక్కినవారు సిపాయిలు. డాల్టన్ పేరు లేదు. జూన్‌లో వైద్యాధికారికి వచ్చింది. అప్పుడూ లేదు. చివరికి నవంబరులో, పోరు జరిగిన పది నెలలకు, డాల్టన్ పేరు ప్రకటించారు. 1880 జనవరిలో కవాతు మైదానంలో ఆయన రొమ్మున పతకం అలంకరించారు. ఆయనతో పాటు సిఫారసు పొందిన డన్‌కు మాత్రం దక్కనే లేదు. గోడ కట్టిన ఆ ఇద్దరి నాలుగు చేతులలో రెండు చేతులకే గౌరవం లభించిందన్నమాట. 1887లో డాల్టన్ దక్షిణాఫ్రికాలోనే కన్నుమూశాడు. 1964లో ఈ పోరు మీద "జూలూ" అనే పెద్ద చలనచిత్రం వచ్చినప్పుడు కూడా డాల్టన్ పాత్రను చాదస్తపు మనిషిగానే చూపించారు. పతకం వచ్చినా పరిహాసం పోలేదు!

ఇది చదివి మేము చాలాసేపు దీపం ఆర్పకుండా కూర్చున్నాము. పిల్లల నవ్వులు మా చెవిలో మారుమ్రోగాయి.

అయితే, అది పరాయివారి కథ గదా అని ఎవరైనా అనవచ్చును. మనవారి కథ కూడా ఒకటున్నది. రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన వేళ బ్రిటిష్ సేన యంత్రవాహనాలనే నమ్ముకొని ఉన్నది. ఫ్రాన్సులో బురదకూ మంచుకూ ఆ వాహనాలు నిలవవని తోచి, భారతదేశం నుండి కంచరగాడిదల దళాలను పంపమని అడిగారు. మన సరఫరా దళానికి చెందిన నాలుగు దళాలు, సుమారు రెండు వేల కంచరగాడిదలతో, 1939 డిసెంబరు 26న ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగాయి. ఆ సిపాయిలలో అత్యధికులు పంజాబు ముస్లిములు. తుపాకులు పేల్చేవారికి తూటాలూ తిండీ మోసుకుపోవడం వారి పని.

1940 మే నెలలో జర్మను సేన విరుచుకుపడగా అందరూ డంకర్క్ తీరం వైపు వెనుదిరిగారు. మే 24న, డంకర్క్ సమీపిస్తుండగా, జమాదారు మౌలాదాద్ ఖాన్ అనే సరఫరా అధికారి నడిపిస్తున్న దళం మీద నేల నుండి ఫిరంగి గుండ్లు, ఆకాశం నుండి బాంబులు ఒక్కసారిగా కురిశాయి. బెదిరిన కంచరగాడిదను అదుపు చేయడం ఎంత కష్టమో మన పల్లెల్లో జంతువులను సాకినవారికి తెలుసు. ఆయన తొణకలేదు. మనుషులనూ జంతువులనూ కూడగట్టి, బాట మీద నుండి తప్పించి, చాటుకు చేర్చాడు. ఒక్క మనిషి గాని ఒక్క జంతువు గాని నష్టం కాకుండా దళాన్ని బయటపడేశాడు. అందుకు ఆయనకు ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ ప్రసాదించారు. 1907లో భారత సిపాయిల కోసం నెలకొల్పిన పతకమది.

ఈ రెండవ కథలో మమ్మల్ని పట్టి నిలిపినది ఒక సంగతి. ఆ పతకం ఎందరిని చంపినందుకూ కాదు. ఎవరూ చావకుండా చూసినందుకు. శౌర్యపతకపు యోగ్యతాపత్రంలో జంతువుల ప్రాణాలు కూడా లెక్కకు వచ్చాయి. వీరత్వానికి ఇంతకంటే మంచి నిర్వచనం ఏ అలంకార శాస్త్రంలో ఉన్నది? 2017లో డంకర్క్ మీద తీసిన ఆంగ్ల చిత్రంలో ఈ మనుషులు కనబడలేదని చాలామంది నొచ్చుకున్నారు. నొచ్చుకోవడం న్యాయమే. కాని సొంత దాదాను ఫిరంగి వీరునిగా మార్చి చెప్పిన మాకు, ఆ చిత్రం తీసినవారిని తప్పుపట్టే అర్హత ఉన్నదా?

నిజానికి మన సంప్రదాయం ఈ విషయంలో మనకు మంచి దారినే చూపింది. తబూక్ దండయాత్ర వేళ, కరవూ ఎండా కలిసివచ్చిన ఆ కష్టకాలంలో, ఒంటెలనూ ధనాన్నీ సమకూర్చి సేనను కదిలించిన హజ్రత్ ఉస్మాన్ గారి సేవను ముస్లిములు నేటికీ గౌరవంతో చెప్పుకుంటారు. కత్తి దూసినవారి పక్కనే సేనకు ప్రయాణపు ఏర్పాట్లు చేసినవారిని నిలబెట్టిన చరిత్ర అది. మనమే మధ్యలో మరచిపోయాము.

మరునాడు మా విద్యార్థి వచ్చాడు. డాల్టన్ కథా, మౌలాదాద్ ఖాన్ కథా చెప్పాము. శ్రద్ధగా విన్నాడు. విని, "వాళ్ళకు పతకాలు వచ్చాయి కాబట్టి మీరు చెబుతున్నారు సార్. రాకపోతే?" అన్నాడు.

ఆ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. అప్పుడు మేము మా దాదా కథ చెప్పాము. వక్తృత్వ పోటీ కథ, ఫిరంగి చప్పుడు కథ, పిల్లల నవ్వు కథ, ఏదీ దాచలేదు. ఒక అధ్యాపకుడు తన అబద్ధాన్ని విద్యార్థి ముందు ఒప్పుకోవడం సులభం కాదు. చెప్పి ముగించేసరికి మా గొంతు సరిగా పలకలేదు.

దాదా రొమ్మున ఆ దినం మెరిసినవి శౌర్యపతకాలు కావు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర వంటివి అసమాన సాహసానికి ఇచ్చేవి. దాదావి పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. ఆ యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చినవి. ఆయనకు ఆ భేదం బాగా తెలుసు. తెలిసే వాటిని రొమ్మున పెట్టుకొని వచ్చారు. లేనిది ఉన్నదని చెప్పలేదు, ఉన్నదానికి సిగ్గుపడలేదు. దీపాలార్పిన లారీలో పోవడానికి ఎంత ధైర్యం కావాలో మాకు తెలియదు గాని, వంద మంది పిల్లల ముందు మనుమడి అబద్ధాన్ని సరిదిద్ది, ఆ నవ్వును తన మీద వేసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఇప్పుడు కొంచెం తెలిసింది.

కుర్రవాడు కాసేపు మౌనంగా ఉన్నాడు. "ఇంట్లో ఉన్నది ఉన్నట్టే చెబుతాను సార్" అని సెలవు తీసుకున్నాడు. ఇప్పుడు శిక్షణలో ఉన్నాడు. ఈ సంచిక అతనికి కూడా చేరుతుందని ఆశిస్తున్నాము.

చివరగా కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి. ప్రతి వార్షికోత్సవంలో ఆటల్లో, చదువులో, వక్తృత్వంలో నెగ్గినవారికి మనం ప్రశంసాపత్రాలు ఇస్తున్నాము. మన వసతిగృహంలో తెల్లవారుజామున నాలుగు గంటలకు పొయ్యి ముట్టించే వంటవారు, సరుకుల కొట్టు చూసేవారు, రంజాన్ నెలలో అర్ధరాత్రి లేచి సహరీకి అన్నం వండి పెట్టేవారు ఉన్నారు. ఆ వేదిక మీదికి వారి పేర్లు ఇంతవరకు రాలేదు. ఈ ఏడు నుండి వారిలో ఒకరినైనా పిలిచి, వారు చేసే పనిని చేసినట్టుగానే, ఎక్కువ చేయకుండా తక్కువ చేయకుండా చదివి వినిపించి సత్కరిస్తే బాగుంటుంది.

వక్తృత్వ పోటీలో మాకు వచ్చిన బహుమతి ఒక ఇత్తడి గిన్నె. ఇన్నేళ్ళు దానిని అలమారలో దాచి ఉంచాము. మొన్న దానిని తీసి, మా ఇంట పిండి కొలిచే పాత్రగా వాడుకొమ్మని ఇచ్చివేశాము. ఇప్పుడది ప్రతిదినం పనికి వస్తున్నది.